ఏఆర్‌టీ సెంటర్‌లో చేరబోతున్న రవికి

రవీ,

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో మెడికల్ ఆఫీసరుగా చేరుతున్నావని తెలిసి చాలా సంతోషమేసిందిరా. అక్కడికొచ్చేవాళ్ళు మననుంచి ఏం కోరుకుంటారో రాయమన్నావు కదా. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచీ మందులు ఉచితమే, ఇప్పుడు చాలామందికి మూడు మందులు కలిసిన టీఎల్‌డీ మాత్ర రోజుకొకటి సరిపోతోంది. ఆ మాత్ర తెచ్చుకుంటున్న సంగతి ఊళ్ళో తెలియకూడదు, దానికోసం కూలి పోకూడదు. వాళ్ళ గోలంతా ఈ రెండింటి గురించే.

ముందు గుట్టు సంగతి. వరండాలో పేరు పెట్టి కేకేయనివ్వకు, టోకెన్ నంబరుతో పిలిపించు. కౌన్సెలింగ్ గది తలుపు మూసే ఉండాలి, పక్క కుర్చీలో ఇంకొకరుంటే ఎవరూ నోరు విప్పరు. ఇంట్లో తెలిసిపోతుందని కొందరు సీసాలోని మాత్రల్ని ప్లాస్టిక్ కవర్లో పోసుకుంటారు. చెమ్మ తగిలితే అవి పాడైపోతాయి, సీసాలో చిన్న పొట్లం పెట్టేది అందుకే. ఆ భయం నిజమైనదేరా, వాళ్ళని తిట్టకు. లేబుల్ పీకేసి, గడువు తేదీ సీసా మీద పెన్నుతో రాసివ్వు. గలగలమనకుండా గుడ్డలో చుట్టుకోమను.

నిలకడగా ఉన్నవాళ్ళకి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వొచ్చు. దగ్గర్లో లింక్ ఏఆర్‌టీ సెంటర్ (మన సెంటరుకి అనుబంధంగా మందులిచ్చే చిన్న కేంద్రం) ఉంటే అక్కడికి మార్చు. ఇటుక బట్టీలకో, బెంగుళూరుకో వలస వెళ్ళేవాళ్ళని ముందే అడిగి ట్రాన్స్‌ఫర్ కాగితం ఇవ్వు. అడక్కపోతే మందు మధ్యలో ఆగిపోతుంది, తిరిగొచ్చినా మందలిస్తారన్న భయంతో మన గడప తొక్కరు.

మాత్ర ఎలా వేసుకోవాలో ప్రతిసారీ చెప్పు. గ్యాస్ మందుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటే టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ ఒంటికి పట్టదు. దాన్ని వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. గర్భిణులకిచ్చే ఐరన్, కాల్షియం బిళ్ళలతోనూ అంతే, కాకపోతే వాటిని భోజనంతో కలిపి ఒకేసారి వేసుకోవచ్చు. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్ళకి డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు కావాలి.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష 6వ నెలలో, 12వ నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి. రక్తం తీసి పంపించాక ఫలితం మనిషికి చెప్పకపోవడమే పెద్ద తప్పు. అంకె చెప్పు, అర్థం చెప్పు. మిల్లీలీటరుకి 200 వైరస్ కాపీల కంటే తక్కువగా నిలిచి ఉంటే కలయిక వల్ల భాగస్వామికి సోకదు. ఈ మాట చెప్పేవాళ్ళు లేక దూరం దూరంగా బతికే భార్యాభర్తలున్నారు రవీ. ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పు.

అన్నిటికన్నా కడుపు మండేది ఆపరేషన్ల దగ్గర. కాన్పుకో, హెర్నియాకో, పన్ను తీయించుకోవడానికో వెళ్తే పెద్దాసుపత్రికి పొమ్మంటారు, లేదంటే మంచానికి హెచ్‌ఐవీ అని బోర్డు తగిలిస్తారు. చేతి తొడుగులు, 1 శాతం హైపోక్లోరైట్ ద్రావణం ప్రతి రోగికీ వాడాల్సినవే. రోగికి వాడిన సూది సిబ్బందికి గుచ్చుకుంటే 72 గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోనే మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఈ సంగతి సర్జరీ వాళ్ళకీ, నర్సులకీ నువ్వే వెళ్ళి చెప్పు, వెనకాడేది భయంతోనే. 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు, అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు.

అదే చట్టం ప్రకారం ఇరవై మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. మీ దగ్గర ఎవరో చేరిన వారంలోనే కనుక్కుని, పేరు నోటీసు బోర్డు మీద పెట్టించు. పక్కనే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు కూడా రాయించు.

నీ
శ్రీను