సియాటిల్ నగర మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

ఈ నేల ఇక్కడి ఆదివాసులైన తీర సాలిష్ ప్రజలదని గుర్తుచేసే వాక్యాలతో బహిరంగ సభలు మొదలవడాన్ని, ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో ఒకడిగా స్వాగతిస్తున్నాను. అయితే ఆ వాక్యాలలో చరిత్ర సగమే వినిపిస్తోందని మనవి.

1855లో ఆదివాసుల భూములను అమెరికా ప్రభుత్వానికి అప్పగించిన పాయింట్ ఎలియట్ ఒప్పందంపై డువామిష్, సుక్వామిష్ తెగల తరఫున సమ్మతి తెలిపిన నాయకుడి పేరే ఈ ఊరిది. పదేళ్లకే, 1865లో, వలస వచ్చి స్థిరపడిన పట్టణవాసుల దగ్గర పనిలో ఉండి వారు బస ఇస్తే తప్ప ఆదివాసులు ఇక్కడ నివసించరాదని పట్టణ పాలకులు ఆర్డినెన్సు చేశారు. పేరును ఉంచుకుని మనుషులను వెళ్లగొట్టడమంటే ఇదే.

డువామిష్ తెగకు ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) గుర్తింపు 2001 జనవరిలో వచ్చినట్టే వచ్చి, ప్రభుత్వం మారాక చేజారింది. మకిల్‌షూట్, సుక్వామిష్ తెగల్లోనూ డువామిష్ వారసులున్నారు, గుర్తింపుపై వారి మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ తగవు మీరు తీర్చాలని నేను అడగడం లేదు.

నగరం చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. తీవ్రంగా కలుషితమైన ప్రదేశాల శుద్ధికి కేంద్రం నడిపే సూపర్‌ఫండ్ జాబితాకు 2001లోనే ఎక్కిన దిగువ డువామిష్ నది శుద్ధిపై నగరం తీసుకునే ప్రతి నిర్ణయానికీ ముందు ఈ తెగలన్నింటినీ సంప్రదించాలి. ఆదివాసుల వైద్యం, గృహవసతి, భాషాబోధన కోసం పనిచేసే సంస్థలకు బడ్జెట్‌లో ఏటా కొనసాగే పద్దు ఉండాలి.

డువామిష్ తెగకు పౌరులు స్వచ్ఛందంగా నెలనెలా చెల్లించే ‘రియల్ రెంట్’ ఇప్పటికే ఉంది. ఊరుకాని ఊళ్లో అద్దె కట్టడం మా తెలుగువారికి కొత్తేమీ కాదు. నగరపాలన కూడా తన వంతు చెల్లించాలని కోరుతున్నాను.

ఇట్లు,
సియాటిల్ నివాసి అయిన ఒక తెలుగువాడు