చీటీలు కొట్టుకుపోయిన ఏడాది: మన పెరటి తోటల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఎన్ని సమావేశాలు జరిపాం, ఎన్ని మొక్కలు పంచాం, ఎంత ఖర్చయింది అన్న వరుసలోనే ఏటా ఈ నివేదిక రాస్తూ వచ్చాను. ఈసారి ఆ వరుస పక్కన పెడుతున్నాను. ఈ ఏడాది మన సంఘం పని అంతా ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. మన పెరళ్లలో ‘ఐరిస్’ అని పిలుచుకుంటున్న మొక్కల్లో ఏది ఏదో తేల్చుకోవడమే ఆ పని.

మొదలు ఎలా అయిందో అందరికీ గుర్తే. శ్రావణంలో గోదావరి పొంగినప్పుడు లంక ఊళ్లలో ఉన్న మన సభ్యుల పెరళ్లు మునిగాయి. కుండీలను ముందే డాబా మీదకు చేర్చుకున్న వాళ్లవి దక్కాయి. నేలలో నాటిన కుదుళ్లు చాలావరకు ఒండ్రు కింద నుంచి మళ్లీ మొవ్వు వేశాయి. వాటి పక్కన గుచ్చిన ప్లాస్టిక్ చీటీలు మాత్రం వరదతో పాటే పోయాయి. నీళ్లు తీశాక చూస్తే కత్తుల్లాంటి ఆకులు, విసనకర్రలా పరుచుకున్న కుదుళ్లు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పూస్తే తప్ప ఏది ఏదో చెప్పలేని పరిస్థితి.

కార్తీక వనభోజనాల నాడు ఉసిరి చెట్టు కింద ఎప్పటిలాగే పిలకల మార్పిడి పెట్టుకున్నాం. ఆ రోజు వచ్చిన 19 ఐరిస్ కుండీల్లో పేరు రాసి ఉన్నవి నాలుగే. ఆ నాలుగింటిలోనూ రెండు తప్పని తరవాత తేలింది. అందులో ఒకటి నాదే. మా పెరట్లో నీలం పూల కుదురు, పసుపు పూల కుదురు పక్కపక్కనే పెరిగి ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. నీలం అనుకుని నేను ఇచ్చిన పిలకలు కొందరి ఇళ్లలో పసుపు పూశాయి. తీసుకున్న వాళ్లు మొహమాటానికి నాకు చెప్పలేదు. దయచేసి ఇకమీదట చెప్పండి. తప్పు పేరుతో బయటికి వెళ్లిన పిలక ఒక ఇంటితో ఆగదు. అక్కడి నుంచి పక్కింటికి, ఆడపిల్ల అత్తవారింటికి, వాళ్ల ఊరి గుడి తోటకు వెళ్తుంది. పేరు కూడా అదే దారిన వెళ్తుంది.

ఆ రోజే మన సభ్యుల్లో రిటైరైన బోటనీ మాస్టారు ఒక దారి చూపించారు. ఈ మొక్కల్లో చాలా వాటికి పువ్వు పొద్దున్న విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది కాబట్టి, పువ్వు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏడాదిలో నాలుగైదు రోజులు తప్ప పేరు చెప్పలేం. ఆకును, పూకాడను, మట్టిలో ఉన్న దుంపను చదవడం నేర్చుకోవాలన్నారు. అప్పటి నుంచి నెలకో ఇంట్లో కూర్చుని ఆ చదువే చదివాం.

ముందు ఐరిస్ కానివాటిని పక్కకు తీశాం. మనకు లిల్లీ అంటే దండల్లో గుచ్చే లిల్లీయే, అంటే నేలసంపెంగ. ఇంగ్లీషు పేర్లలో మాత్రం స్పైడర్ లిల్లీ, రెయిన్ లిల్లీ అంటూ బోలెడు లిల్లీలు. పూయనప్పుడు వీటిలో కొన్నిటిని ఐరిస్ అనుకుని తెచ్చినవాళ్లున్నారు. తవ్వి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. స్పైడర్ లిల్లీ, రెయిన్ లిల్లీలకు ఉల్లిపాయలా పొరలు పొరలుగా గడ్డ ఉంటుంది. మన దగ్గరున్న ఐరిస్ బంధువులకు అల్లం, పసుపులా అడ్డంగా పాకే కొమ్ము ఉంటుంది. పువ్వు దొరికితే పుప్పొడి మోసే కేసరాలు లెక్కపెట్టండి. మూడుంటే ఐరిస్ కుటుంబం, ఆరుంటే కాదు. గ్లాడియోలస్, కశ్మీరు కుంకుమపువ్వు కూడా ఈ మూడు కేసరాల కుటుంబం లోవే. ఇక ఆకు. ఐరిస్ ఆకు నిలువునా మడిచి అతికించినట్టు ఉంటుంది. అందుకే దానికి పైవైపు, కిందవైపు అని ఉండవు. రెండు పక్కలా ఒకే నునుపు, ఒకే రంగు. స్పైడర్ లిల్లీ ఆకుకు పైన పొట్ట, కింద వీపు తెలుస్తాయి. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమినా తేడా పట్టుకోవచ్చని మన సభ్యురాలొకరు చేసి చూపించారు.

మిగిలిన వాటిలో ఎక్కువ గందరగోళం నడిచే ఐరిస్‌లతోనే. పూసి వాడిపోయాక పూకాడ చివర చిన్న మొక్క పుడుతుంది. దాని బరువుకు కాడ వంగి నేలను తాకుతుంది, తాకిన చోట వేరు దిగుతుంది. అలా అడుగులేసుకుంటూ పోతుంది కాబట్టి ఆ పేరు. తెలుపు, నీలం కలిసిన రకం నియోమారికా. బయటి మూడు రేకలు తెల్లగా, లోపలి మూడూ నీలంగా చుట్టచుట్టుకుని ఉంటాయి. పువ్వంతా నీలంగా, ఇంకాస్త పెద్దగా పూసే నియోమారికా కూడా మన ఇళ్లలో మూడు చోట్ల ఉంది. పసుపు రేకల మొదట్లో గోధుమ రంగు చుక్కలుండేది ట్రిమేజియా. ఇవన్నీ అమెరికా ఖండపు వేడి ప్రాంతాల మొక్కలే. మన ఉక్కపోతకూ, మన బంకమట్టికీ బాగా అలవాటు పడ్డాయి.

పువ్వు లేనప్పుడు ఈ రెండిటినీ విడదీసేది పూకాడ. నియోమారికా పూకాడ బల్లపరుపుగా, అచ్చం ఆకులా ఉంటుంది. ఆకు మీదే పువ్వు పూసిందని చాలామంది అనుకునేది అందుకే. ట్రిమేజియా కాడ గుండ్రంగా ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పి చూడండి. పుల్లలా దొర్లితే పసుపు, దొర్లకుండా ఆకులా అడ్డం పడితే నీలం. ఎండిపోయిన పాత కాడలతోనైనా ఈ పరీక్ష పనిచేస్తుంది. నా పెరట్లో కలిసిపోయిన రెండు కుదుళ్లను పాత కాడలు చూసే ఒక్క పూటలో విడదీశాను. ఈ ఏడాది నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని అదే.

పన్నెండు ఆకులు వస్తే గానీ నియోమారికా పూయదని ఒక నానుడి ఉంది. అందుకే ఇంగ్లీషులో దానికి అపొస్తలుల మొక్క, అంటే క్రీస్తు పన్నెండుమంది శిష్యుల మొక్క అని కూడా పేరు. ఆకులు లెక్కపెట్టి చూద్దామని పిల్లలు సరదా పడ్డారు. మాస్టారు వాళ్లకో నోటుపుస్తకం ఇచ్చారు. ఆ లెక్క ఇంకా నడుస్తోంది.

రెండో గుంపు ఆఫ్రికన్ ఐరిస్, శాస్త్రీయంగా డయటీస్. ఊళ్లలో రోడ్ల మధ్య డివైడర్లలో వేసేది ఎక్కువగా ఇదే. ఆకు గట్టిగా, నారలా ఉంటుంది. ఇందులో మూడు రకాలు మన దగ్గరకు వచ్చాయి. లేత పసుపు మీద ముదురు మచ్చలున్నది బైకలర్, దాని ఆకు మిగతా రెండిటి కంటే సన్నం. తెలుపు మీద పసుపు మచ్చ, మధ్యలో ఊదా ఉన్నవి రెండున్నాయి. ఫొటోలో వాటిని విడదీయడం కష్టం. పువ్వు చిన్నదై ఒక్క రోజులో వాడిపోతే ఇరిడియాయిడిస్. పెద్దదై మూడు రోజుల దాకా నిలబడితే గ్రాండిఫ్లోరా. అంటే ఇక్కడ కొలబద్ద కాలమే. పొద్దున్న పూసిన పువ్వు కాడకు దారం కట్టి మర్నాడు చూడాలి. ఒక సంగతి మర్చిపోకండి. ఇరిడియాయిడిస్ పూకాడను పువ్వు వాడగానే కత్తిరించకూడదు. అదే కాడ మీద మళ్లీ మళ్లీ మొగ్గలు వస్తాయి. శుభ్రం పేరుతో కత్తిరించేసి, పూయడం లేదని బాధపడిన వాళ్లు మనలో ఉన్నారు.

చిరుత లిల్లీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఒకసారి చూస్తే ఎవరూ మర్చిపోరు. నారింజ రంగు మీద ఎర్ర చుక్కలు, ఆరు రేకలూ సమానం. వాడిపోయాక పువ్వు తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతుంది. కాయ పగిలితే లోపల నల్లగా మెరిసే గింజల గుత్తి కనిపిస్తుంది. చాలాకాలం దీన్ని బెలమ్‌కాండా అనేవాళ్లు. 2005లో ఐరిస్ ప్రజాతిలోకే చేర్చి ఐరిస్ డొమెస్టికా అన్నారు. లిల్లీ అన్న పేరుతో తిరుగుతున్నా, మన పెరళ్లలో అసలు సిసలు ఐరిస్ ఇదొక్కటే.

అమలాపురం వైపు సభ్యులొకరు కశ్మీరు యాత్ర నుంచి గడ్డం ఐరిస్ కొమ్ములు నాలుగు తెచ్చి మనందరికీ చూపించారు. కిందికి వాలే రేకల మీద మెత్తని వెంట్రుకల వరస ఉంటుంది కాబట్టి ఆ పేరు. కశ్మీరులో సమాధుల దగ్గర తెల్ల ఐరిస్ నాటడం ఆనవాయితీ అని ఆయన చెప్పినప్పుడు అందరం నిశ్శబ్దంగా విన్నాం. ఇసుక కలిపి ఎత్తు మడి కట్టినా, పై భాగం ఎండకు తెరిచి ఉంచినా ఆ కొమ్ములు తొలకరి వానలకే కుళ్లి వాసన కొట్టాయి. ఆ మొక్కకు చలికాలంలో గట్టి చలి కావాలి, కొమ్ము పొడిగా ఎండాలి. మన డెల్టాలో ఆ రెండూ లేవు. చేత్తో తవ్వితే తడి తగిలే నేల ఇది. కాబట్టి సంఘం తరఫున ఒక మాట. ‘రంగురంగుల ఐరిస్ దుంపలు’ అని ఫొటో చూపించి అమ్మితే కొనకండి. మనలో ఒకరు అలా నీలం ఐరిస్ పేరిట ఆరు మొక్కలు తెప్పించుకుంటే ఆరూ పసుపు ట్రిమేజియాలే అయ్యాయి. డబ్బు వెనక్కి రాలేదు.

ఇప్పుడు అసలు చెప్పవలసిన సంగతి. ఇది నివేదికలో రాయాలా వద్దా అని కమిటీలో చర్చించాం. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లాక మన సభ్యురాలొకరి కూతురు పురిటికి వచ్చింది. బాలింత ఇంట్లో వస కొమ్ము అరగదీసి బిడ్డ నాలుకకు రాయడం మనకు పాత అలవాటు. ఎక్కువ మాట్లాడేవాణ్ణి వసపిట్ట అనేది కూడా అందుకే. వాళ్ల పెరట్లో ‘వస’ అని రాసి ఉన్న కుండీ ఒకటి ఉంది. మార్పిడిలో వచ్చిన మొక్కే. నాయనమ్మగారు కొమ్ము తవ్వి, కడిగి, సానరాయి మీద పెట్టబోతూ వాసన చూశారు. వాసన లేదు. ఆవిడ అక్కడితో ఆపి మాకు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే అది నడిచే ఐరిస్. ఎండిన బల్లపరుపు కాడ ఇంకా కుదురులోనే ఉంది.

వసను, ఐరిస్‌ను పొరబడటం కొత్తది కాదు. యూరప్‌లో చెరువుగట్ల మీద పెరిగే పసుపు ఐరిస్‌కు శాస్త్రీయ నామం సూడాకోరస్, అంటే దొంగ వస. వస కూడా నీటి ఒడ్డునే పెరుగుతుంది, దాని ఆకులు కూడా అలాగే విసనకర్రలా పేర్చి ఉంటాయి. కానీ కుటుంబం వేరు. వస ఆకు నలిపితే ఘాటైన పరిమళం వస్తుంది, కొమ్ము విరిస్తే ఇంకా ఎక్కువ. ఆకు నడిమి ఈనె సరిగ్గా మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది. పువ్వుకు రేకలంటూ కనిపించవు. ఆకుపచ్చ పసుపు కలిసిన చిన్న కంకి ఒకటి పక్కకు పొడుచుకొస్తుంది. ఐరిస్ ఆకు నలిపితే పచ్చివాసన తప్ప ఏమీ ఉండదు. పసుపు ఐరిస్ లాంటి వాటి కొమ్ములు కడుపులో పడితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

నిజమైన వస దొరికినా పసిబిడ్డకు పెట్టే ముందు పిల్లల డాక్టరును అడగండి. అందులో ఉండే అసరోన్ అనే పదార్థం కారణంగా అమెరికాలో 1968లోనే వసను ఆహారంలో వాడకుండా నిషేధించారు. పెద్దల మాట కాదనడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు బిడ్డను కాపాడింది నాయనమ్మగారి ముక్కే. ఆవిడకు ఈ సభ తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆ మర్నాడే అత్యవసర సమావేశం పెట్టి ఒక నిర్ణయం తీసుకున్నాం. మందుమొక్క పేరుతో మార్పిడికి వచ్చే ఏ మొక్కనైనా ఇద్దరు సభ్యులు ఆకు నలిపి, వాసన చూసి, సంతకం చేస్తేనే ఇవ్వాలి. పాత మార్పిడిలో ‘వస’ అని వెళ్లిన పిలకలన్నిటినీ ఇల్లిల్లూ తిరిగి చూశాం. రెండు ఇళ్లలో తప్పు దొరికింది. మార్చాం.

చీటీల సంగతి కూడా తేలింది. మార్కరు రాతలు ఒక వేసవికే వెలిసిపోతున్నాయి. కూల్‌డ్రింక్ టిన్నును కత్తిరించి, అంచులు మడిచి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాస్తే అక్షరం రేకులో దిగిపోతుంది. ఎండకూ వానకూ చెరగదు. దాన్ని కర్రకు గుచ్చకుండా రాగి తీగతో కుదురు మొదట్లో కట్టండి. మళ్లీ వరద వచ్చినా మొక్కతోనే ఉంటుంది. మండపేట సభ్యులు ఇప్పటికే రెండు సంచుల రేకులు కత్తిరించి పెట్టారు, కావలసిన వాళ్లు తీసుకెళ్లవచ్చు.

కడియం, కడియపులంక నర్సరీలకు రెండుసార్లు వెళ్లాం. అక్కడి రైతులు వినయంగా, ఓపికగా చూపించారు. వాళ్లకు వచ్చే సరుకు మీదే ‘ఐరిస్’ అని ఒక్క మాట ఉంటుంది, అదే పేరుతో అమ్ముతారు. మేం కాడలు తిప్పి చూస్తుంటే ఒక పెద్దాయన తన కుర్రాళ్లను పిలిచి ఆ తేడా చూపించమన్నారు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా చదువుతారు. పిలకల మార్పిడికి ఎప్పటిలాగే డబ్బు తీసుకోలేదు. కాలువలు కట్టేసే లోపు ఇంకో మార్పిడి పెట్టాలని ప్రతిపాదన ఉంది. ఆ తరవాత నీళ్లకు ఇబ్బంది, కొత్త పిలక వేరు పట్టదు.

వనభోజనాల నాటి 19 కుండీల్లో 18కి పేర్లు తేలాయి. మిగిలింది రాజోలు నుంచి వచ్చిన సిమెంటు కుండీ. కొమ్ము ఐరిస్‌దే, ఆకు ఐరిస్‌దే, వాసన లేదు, పాత కాడ ఒక్కటీ లేదు. వరదలో రెండు రోజులు మునిగి లేచిన మొక్క అది. ప్రస్తుతం మాస్టారి ఇంట్లో తూర్పు వరండాలో ఉంది, ఆయన రోజూ తెల్లవారగానే చూస్తున్నారు. దానికి కట్టిన రేకు మీద ఊరి పేరు మాత్రమే రాశాం. మొగ్గ కనిపించిన రోజున అందరికీ కబురు పెడతాం. పొద్దున్న ఏడింటిలోపు రండి.

ఇట్లు,
కార్యదర్శి