కొత్త వెర్షన్ ఎందుకు ఆలస్యమైందంటే

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న అందరికీ నమస్కారం.

కొత్త వెర్షన్ ఈ నెలలో ఇస్తామని మాటిచ్చాం. ఇవ్వలేకపోతున్నాం, ఇంకో 2 నెలలు పడుతుంది. తప్పు నాది, టీమ్‌ది కాదు.

నెలాఖరు రిపోర్టు తెరిస్తే స్క్రీన్ గిర్రున తిరుగుతూనే ఉంటోందని మీలో చాలామంది ఫోన్ చేశారు. విన్నప్పుడల్లా నాకు మా సాఫ్ట్‌వేర్ రాసిన ప్రోగ్రామింగ్ భాష పైథాన్ మీదే అనుమానం. నెమ్మదైన భాష అని దానికి పేరుంది కదా. మొత్తం ప్రోగ్రామ్‌ను గో అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాద్దామని నేనే పట్టుబట్టాను. "ముందు టైమ్ ఎక్కడ పోతోందో కొలుద్దాం సార్" అని టీమ్‌లో ఒకమ్మాయి అంది. నేను వినలేదు. 3 నెలలు కష్టపడి రాసి, అదే రిపోర్టును గోలో నడిపితే దాదాపు అంతే సేపు పట్టింది.

అప్పుడు కూర్చుని కొలిచాం. ఒక్కో బిల్లుకీ కస్టమర్ పేరు కోసం డేటాబేస్‌ను విడిగా అడుగుతున్నాం. 2,000 బిల్లులుంటే 2,000 సార్లు. ఏ భాషలో రాసినా ఆ ఎదురుచూపు తప్పదు. పాత పద్ధతినే గోలోకి దించాం కాబట్టి జబ్బు కూడా దాంతోపాటే వచ్చింది. పైథాన్ కోడ్‌లోనే డేటాబేస్‌ను ఒక్కసారి అడిగితే (ఒకే క్వెరీలో) అన్ని పేర్లూ వచ్చేలా మార్చాం. ఇప్పుడు రిపోర్టు 2 సెకన్లలో వస్తోంది. ఈ మార్పు ఈ వారమే మీకు అందుతుంది.

కాబట్టి పైథాన్‌లోనే ఉంటున్నాం, మిగతా కొత్త సౌకర్యాలన్నీ అందులోనే చేరుస్తాం. లెక్కల సంగతి కూడా ఉంది. కంప్యూటర్ మామూలు దశాంశాల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటుంది. బిల్లులో అది కుదరదు. పైథాన్‌లో దీనికి దశాంశాల్ని తేడా రాకుండా లెక్కకట్టే డెసిమల్ మాడ్యూల్ భాషతోనే వస్తుంది. గో భాషతో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో అలాంటిది లేదు. ఏళ్లుగా సరిగ్గా తేలుతున్న పన్ను లెక్కల్ని కదిలించడం నాకు ఇష్టం లేదు.

గోను ఒక్కచోట వాడుతున్నాం: కౌంటర్ దగ్గర ప్రింటర్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్‌లో. పైథాన్ వెర్షన్ కలవక అక్కడ ఇన్‌స్టలేషన్ ఎన్నిసార్లు ఆగిపోయిందో మీకు తెలుసు. గోలో రాసింది ఒకే ఫైలుగా తయారవుతుంది, కాపీ చేసి నడిపితే చాలు. 3 నెలల పనిలో మాకు దక్కింది ఆ భాగమే.

2020 జనవరి 1తో పైథాన్ 2కి సపోర్ట్ ఆగిపోయినప్పుడు మేం ఆలస్యంగా మారి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాం. ఇప్పుడు ఒక్కో వెర్షన్‌కి సుమారు 5 ఏళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఆ గడువుకి ముందే ఎప్పుడు మారుస్తామో మీకు రాసి పంపుతాం.

ఈ 2 నెలలకి చందా తీసుకోం. అప్‌డేట్ వచ్చాక నెలాఖరు రిపోర్టు ఒకసారి తెరిచి చూడండి. ఇంకా తిరుగుతూనే ఉంటే నేరుగా నాకే ఫోన్ చేయండి.