ఎదురొచ్చే సైకిలుకు పలకరింపు

పరకాల,
ఆదివారం రాత్రి.

చిరంజీవి నా బిడ్డకు,

అమ్మ ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. వడ్డేపల్లి చెరువు పక్క రోడ్డు మీద తెల్లవారుజామున సైకిలు తొక్కుతుంటే హెల్మెట్లు పెట్టుకున్న నలుగురు ఎదురొచ్చి నీకు చేయి ఎత్తారని, నువ్వు తేరుకునేలోపే దాటిపోయారని, మర్నాడు నువ్వే ముందుగా ఒక పెద్దాయనకు చేయి ఎత్తితే ఆయన నీ వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయాడని చెప్పావు. "ఎవరిని పలకరించాలె, ఎవరిని పలకరించొద్దు అమ్మా?" అని నువ్వు అడిగినప్పుడు నీ గొంతులో నొచ్చుకున్నట్టు వినిపించింది. పదకొండేళ్లు సైకిలు మీదనే బడికి పోయి పాఠాలు చెప్పి వచ్చినదాన్ని కాబట్టి, ఈ విషయంలో నాకు తెలిసింది నీకు వివరంగా రాయాలనిపించింది.

ముందుగా ఆ పెద్దాయన సంగతి. ఆయన సైకిలుకు ఏమేమి కట్టి ఉన్నాయో నువ్వు చెప్పలేదు, బహుశా చూసి ఉండవు. తెల్లవారుజామున మన రోడ్ల మీద తిరిగే సైకిళ్లలో చాలావరకు పనికి పోయేవే. వెనుక చక్రానికి రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడుతుంటే, క్యాను లోపల పాలు కదిలిన ప్రతిసారీ హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. కల్లు లొట్లు కట్టుకుని, మోకు భుజాన వేసుకుని వచ్చే గౌడన్నకు గుంత తప్పించడమే పెద్ద పని. క్యారియర్ మీద రోడ్డుకు అడ్డంగా గడ్డిమోపు పెట్టుకున్న మనిషి తల తిప్పితే సైకిలూ తిరుగుతుంది. ఇటువంటివాళ్ల నుంచి ఎత్తిన చేయిని ఆశించడం న్యాయం కాదు. వాళ్ల జవాబు కళ్లలోనో, గడ్డం చిన్నగా ఎత్తడంలోనో ఉంటుంది, అదీ లేకపోతే ఏమీ ఉండదు. పలకరింపు నువ్వు ఇచ్చేది, తిరిగి వసూలు చేసుకోవలసిన బాకీ కాదు. ఆయన చూడలేదని రేపటి నుంచి మానుకోవద్దు.

మీ తాత, అంటే మా బాపు, ఆజంజాహి మిల్లులో పనిచేసిన రోజుల సంగతి నీకు కొంత తెలుసు. 1934లో మొదలైన ఆ బట్టల మిల్లు వరంగల్‌లో ఎన్నో వేల ఇళ్లకు అన్నం పెట్టింది. సైరన్ మోగి షిఫ్టు విడిచినప్పుడు గేటులోంచి సైకిళ్లు వరద నీళ్లలా వచ్చేవని బాపు చెప్పేవాడు. ఆ గుంపులో ఎవరూ ఎవరినీ పలకరించేవాళ్లు కాదు, పలకరిస్తూ కూర్చుంటే బండి ముందుకు సాగదు. అదే మనుషులు ఊరి దారి పట్టి, సైకిళ్లు నాలుగై, రెండై, చివరికి చీకట్లో ఒంటరిగా మిగిలిన తర్వాత ఎదురుగా డైనమో దీపం కనిపిస్తే మాత్రం గొంతెత్తి పేరడిగేవాళ్లట. నువ్వూ ఇదే కొలతగా పెట్టుకో. హనుమకొండ చౌరస్తాలో, కాజీపేట స్టేషను ముందర, కాలేజీ గేటు దగ్గర కనిపించిన ప్రతి సైకిలుకూ చేయి ఎత్తనక్కరలేదు. ములుగు రోడ్డు మీద ఆరెపల్లి దాటి, ఇళ్లు పలచబడి, రోడ్డు మీద నువ్వూ ఎదుటి మనిషీ తప్ప సైకిలు మీద మరెవరూ లేనప్పుడు పలకరించకుండా పోవడం బాగుండదు.

ఇప్పుడు రాసే మాట నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. హెల్మెట్, రంగు రంగుల బనియను, గేర్ల సైకిలు ఉన్నవాళ్లు ఒకరికొకరు చేయి ఎత్తుకుని, వాళ్ల పక్క నుంచే పోతున్న పాలాయనను స్తంభాన్ని చూసినట్టు చూడడం నేను గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దగ్గర చాలాసార్లు చూశాను. రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పటి నుంచి సెలవు రోజుల్లో ఆ గుడి ఉన్న పాలంపేట దాకా, అంటే హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, సైకిళ్ల మీద పోయేవాళ్లు ఈ దారిలో తరచుగా కనిపిస్తున్నారు. చాలా సంతోషం. కానీ అదే దారిలో ముప్పై ఏళ్లుగా రోజూ సైకిలు తొక్కుతున్న మనిషి వాళ్ల లెక్కలో సైకిలు తొక్కేవాడు కాకుండా పోతున్నాడు. నువ్వు అట్లా చేయవద్దు. ఇద్దరికీ ఒకటే పలకరింపు ఉండాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మన ఇంట్లోనే ఉంది. నిజాం పాలన 1948లో ముగిసినా ఉత్తర తెలంగాణ పల్లెల్లో గడుల్లో, అంటే కోటల్లాంటి ఇళ్లలో, ఉండే దొరల పెత్తనం 1970ల దాకా పోలేదు. మీ తాతకు పదిహేనేళ్లున్నప్పుడు, అంటే స్వరాజ్యం వచ్చిన చాలా ఏళ్ల తర్వాత కూడా, మా ఊరి గడి ముందు నుంచి పోవాలంటే సైకిలు దిగి, చెప్పులు విడిచి చేత పట్టుకుని, గోడ దాటేదాకా తోసుకుంటూ నడవాలి. లోపల దొర ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదు, ఖాళీ అరుగుకే దండం పెట్టాలి. ఒకనాడు బాపు దిగలేదు. గుమాస్తా సైకిలు గుంజుకుని మూడు రోజులు గడిలోనే పెట్టుకున్నాడు, తాతమ్మ పోయి బతిమాలితే గాని ఇవ్వలేదు. ఆ తర్వాత బాపు జీవితాంతం ఎంతటివాడు ఎదురొచ్చినా పలకరించడం కోసమని సైకిలు దిగలేదు, ఎంత చిన్నవాడు ఎదురొచ్చినా పలకరించకుండా పోలేదు. "దిగి పెట్టే దండం భయం బిడ్డా, ఎక్కి కూసోని పెట్టేదే దండం" అని నాకు సైకిలు నేర్పిన రోజు చెప్పాడు. ఒకే ఎత్తులో కూర్చుని, ఒకే గాలిలో తొక్కుతున్న ఇద్దరు ఒకరినొకరు గుర్తించడమే ఈ పలకరింపు అని నేను అప్పుడే అర్థం చేసుకున్నాను.

ఏ మాటతో పలకరించాలన్నది పెద్ద సమస్య కాదు. నమస్తే అందరికీ సరిపోతుంది. పల్లెల్లో పెద్దవాళ్లు రాం రాం అంటే నువ్వూ రాం రాం అను, శనార్తి అంటే శనార్తి అను, సలాం అంటే సలాం అను. ఎదుటివాళ్ల మాటనే వాళ్లకు తిరిగి ఇవ్వడంలో ఒక మర్యాద ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఇవేవీ వినపడవు కాబట్టి, బండి మీద వాటిని పెట్టుకోవద్దని ఇంకోసారి చెబుతున్నాను.

నువ్వు ఫోనులో పూర్తిగా అనలేక ఆగిపోయిన మాట కూడా నాకు అర్థమైంది. ఆడపిల్ల ముందుగా పలకరిస్తే కొందరు దాన్ని ఇంకోలా తీసుకుంటారేమోనన్నది నీ భయం. 1996లో నేను కొత్తగా బడికి పోతున్నప్పుడు నాకూ అదే భయం ఉండేది, తల వంచుకుని తొక్కేదాన్ని. తల వంచుకున్నందువల్ల భయం తగ్గలేదు, ఎదురొచ్చేది ఎవరో తెలియక ఇంకా పెరిగింది. నెల రోజుల తర్వాత తల ఎత్తి, వినపడేటట్టు, వరుస కలిపి పలకరించడం మొదలుపెట్టాను. "నమస్తే అన్నా", "బాగున్నవా పెద్దయ్యా", "ఎటు అక్కా" అన్నాను. వరుస పెట్టి పిలిచిన మాటలో చనువుతో పాటు హద్దు కూడా ఉంటుంది. కొద్ది రోజుల్లోనే ఆ దారిలో నన్ను టీచరమ్మగా ఎరిగినవాళ్లు ఇరవై మంది అయ్యారు, ఒంటరిగా పోతున్నానన్న భావన పోయింది. అయినా ఎవరి చూపైనా నీకు నచ్చకపోతే పలకరించవలసిన బాధ్యత నీకు లేదు. ఎవరైనా బండి వెనక్కి తిప్పి నీ వెంట వస్తున్నట్టు అనిపిస్తే మర్యాద గురించి ఆలోచించకుండా మనుషులున్న హోటలు దగ్గరో, కిరాణా దుకాణం దగ్గరో ఆగి 112కు ఫోను చెయ్యి.

ఇక చేయి ఎత్తే పద్ధతి. మన దగ్గర అమ్మే సైకిళ్లలో ఎక్కువవాటికి కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. కుడి చేయి ఎత్తితే నీకు మిగిలేది వెనుక బ్రేకు ఒక్కటే, బండి తొందరగా ఆగదు. ఎడమ చేయి ఎత్తినప్పుడు కుక్క అడ్డం వచ్చి, ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా పట్టావంటే హ్యాండిల్ మీదుగా ముందుకు పడతావు. పైగా కుడి చేయి పక్కకు చాచితే, వెనుక వచ్చే బస్సు డ్రైవరు నువ్వు కుడికి తిరుగుతున్నావనుకుంటాడు. అందుకని అరచేయి హ్యాండిల్ మీదనే ఉంచి నాలుగు వేళ్లు పైకి లేపు, లేదా తల ఊపు. రోడ్డు సాఫుగా, ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే చేయి ఎత్తు. దిగుడులో ఎవరినీ పలకరించకపోయినా ఎవరూ తప్పు పట్టరు. ఎక్కుడులో రొప్పుతున్న మనిషి జవాబు ఇవ్వకపోతే నువ్వు తప్పు పట్టవద్దు. ఫ్రేము మధ్యలోంచి కాలు పెట్టి కైంచి తొక్కుతూ వచ్చే చిన్న పిల్లలు చేతిలో చేయి కొట్టమని చేయి చాపుతారు. నవ్వి మాట చెప్పు గాని చేయి మాత్రం ఇవ్వవద్దు, వాళ్లు పడతారు.

వెనుక నుంచి దాటిపోయేటప్పుడు పలకరింపు ముందు రావాలి, నువ్వు తర్వాత రావాలి. పది గజాల దూరంలోనే ఒకసారి గంట కొట్టి, వాళ్లకు కుడి పక్క నుంచి, మధ్యలో తగినంత జాగా వదిలి, పక్కకు వచ్చాక నమస్తే చెప్పి ముందుకు సాగు. చెవి పక్కన అకస్మాత్తుగా గొంతు వినిపిస్తే ముసలివాళ్లు ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పేస్తారు. ఎవరి వెనుక చక్రానికైనా ఆనుకుని, గాలి తగలకుండా, చెప్పకుండా తొక్కుతూ రావడం కూడా అమర్యాదే. అడిగి రావచ్చు.

పలకరింపుతో పాటు కబురు కూడా ఇవ్వడం మా రోజుల్లో అలవాటు, అది ఇప్పుడు తగ్గిపోయిందని నాకు బాధగా ఉంది. కోతల కాలంలో పరకాల రోడ్డు పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాటి చుట్టూ లారీలు ఎక్కకుండా రాళ్లు పేరుస్తారు. వెలుతురులో అవి కనిపిస్తాయి, మసక చీకట్లో మాత్రం ముందు చక్రం వాటిని తాకేదాకా తెలియదు. ఎదురొచ్చే మనిషి "ముంగట వడ్లు పోసిన్రు, రాళ్లున్నయ్, పైలం" అని ఒక్క ముక్క అనిపోతే ఒక కాలో చేయో దక్కినట్టే. నువ్వు దాటివచ్చిన దారిలో ఇసుక పరుచుకుని ఉన్నా, కల్వర్టు దగ్గర తవ్వి వదిలేసినా, బర్రెల మంద అడ్డంగా వస్తున్నా ఎదురొచ్చేవాళ్లకు చెప్పు. నమస్తే చెప్పడానికి మొహమాటపడే మనిషి కూడా ఈ మాట చెప్పడానికి మొహమాటపడడు.

చివరగా నేను చేసిన ఒక తప్పు రాస్తాను, ఇంతకాలం నీకు చెప్పలేదు. బడిలో చేరిన రెండో ఏడు, చలికాలం, సాయంత్రం ఐదున్నర దాటింది. తుమ్మచెట్టు కింద ఒకాయన సైకిలు పక్కన నిలబడి నా వైపు చేయి ఎత్తాడు. పలకరిస్తున్నాడనుకుని తల ఊపాను, చీకటి పడుతోందన్న తొందరలో ఆగకుండా వచ్చేశాను. మర్నాడు మూడో తరగతిలో ఒక పాప నా బల్ల దగ్గరికి వచ్చి, "మా బాపు నిన్న మీకు చెయ్యెత్తిండట టీచర్, పంచర్ అయ్యిందట" అంది. ఆ పాప గొంతులో నిష్ఠూరమేమీ లేదు, ఊరికే చెప్పింది. వాల్వులోని రబ్బరు గొట్టం తెగి గాలి పోయిందట, ఎరువు బస్తా క్యారియర్ మీద పెట్టుకుని ఆరు కిలోమీటర్లు చీకట్లో తోసుకుంటూ పోయాడట. నా సైకిలు ఫ్రేముకు పంపు ఉంది, సంచిలో రబ్బరు గొట్టం ముక్క కూడా ఉంది. ఆయన పంపును చూసే చేయి ఎత్తాడు. ఆ వారమే వాళ్ల ఇంటికి పోయి తప్పు ఒప్పుకున్నాను. ఆయన చాయ పెట్టించి, ఆ మాట మళ్లీ ఎత్తనివ్వలేదు.

అందుకే కదులుతున్న సైకిలుకు తల ఊపితే చాలు గాని, ఆగి ఉన్న సైకిలును చూసి తల ఊపి పోకూడదు. వేగం తగ్గించి, "ఏమైంది? సామాన్లు ఉన్నయా?" అని అడుగు. ఏం లేదు, ఊరికే ఆగిన అంటే అప్పుడు పో. సందు చీకటిగా ఉండి దిగడానికి మనసొప్పకపోతే దూరం నుంచే అడిగి, ముందున్న ఊరిలో పంచర్ దుకాణాయనకు కబురు చెప్పు.

నీ గేర్ల సైకిలు ట్యూబుకు మోటారు సైకిలు వాల్వులాంటిది ఉంది, పాలాయన సైకిలుకు పాత రకం వాల్వు ఉంటుంది, నీ దగ్గరున్న పంపు దానికి పట్టదు. అందుకని నా పాత పంపు వెతికి తీశాను. లోపలి తోలు వాషరు ఎండి బిగుసుకుపోతే బస్టాండు పక్కన సైకిలు టాక్సీ దుకాణంలో కొత్తది వేయించి, నూనె పట్టించాను. నీ ట్యూబుకు కూడా సరిపోయేటట్టు ఇంకో మూతి కొన్నాను, రెండు రబ్బరు గొట్టాలు కూడా అదే సంచిలో ఉన్నాయి. బుధవారం మీ బాబాయి హనుమకొండకు వస్తున్నాడు, హాస్టలు దగ్గర ఇచ్చి పోతాడు. ఫ్రేముకు బిగించే క్లిప్పులు పాతవే, ఒకసారి పానాతో గట్టిగా తిప్పి చూసుకో.

ఇట్లు,
అమ్మ