ఆల్బమ్‌తో ఇచ్చే కొసరు మారుతోంది

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఉగాదికి రాబోయే కొత్త ఆల్బమ్ నుంచి, డౌన్‌లోడ్‌తో పాటు ఇచ్చే బోనస్ సరుకు బాగా తగ్గిస్తున్నాం. ఇప్పటిదాకా పాటలతో పాటు సాహిత్యం పుస్తకం, స్వరలిపి (పాట వరసను స రి గ మల్లో రాసింది), సాధనకు వెనక మోగే తంబుర ట్రాక్, గొంతు లేని ట్రాక్‌లు, స్టూడియో వీడియో, ఫోన్ వాల్‌పేపర్లు అన్నీ ఒకే జిప్ ఫైల్లో కుక్కి ఇచ్చేవాళ్లం. ఇకమీదట మూడే ఉంటాయి. ధర మాత్రం అదే, 399. పోయిన ధనుర్మాసంలో వచ్చిన అన్నమయ్య కీర్తనల ఆల్బమ్ కొన్నవాళ్లకు మేము కొన్ని సవరణలు బాకీ ఉన్నాం. అవి చివర రాశాను. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడికే వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

మా నాన్నకు రాజమండ్రిలో క్యాసెట్ల కొట్టు ఉండేది. జనం చీటీ మీద పాటలు రాసిచ్చి వెళ్తే, ఆయన ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు ముప్ఫై. రెండో పక్క ఆఖర్న నాలుగు నిమిషాలు మిగిలితే అలా ఖాళీగా వదలడం ఆయనకు నచ్చేది కాదు. తనకిష్టమైన పాట ఒకటి ఎక్కించి, చీటీ కింద ఎర్ర పెన్నుతో 'కొసరు' అని రాసేవాడు. కిలో వంకాయలు తూచాక బండివాడు పైన వేసే ఒక్క కాయ లాగా. 'ఈసారి కొసరు ఏం వేశారండీ' అని చీటీ చూడకుండానే అడిగేవాళ్లు ఉండేవారు. (అలా ఎక్కించి అమ్మడం కాపీరైట్ చట్టం ప్రకారం తప్పే. వీధికొక కొట్టు అదే పని చేసేది, మేమూ చేశాం. ఈ మాట ఇక్కడ ఎందుకు తెచ్చానో కింద తెలుస్తుంది.)

మేము డౌన్‌లోడ్‌లు అమ్ముదామనుకున్నప్పుడు మా చెల్లెలు ఒకటే అడిగింది. "నెలకు వందా చిల్లర కడితే లోకంలో పాటలన్నీ ఫోన్లోకి వస్తుంటే, నీ ఎనిమిది కీర్తనలకు 399 ఎవరిస్తారన్నయ్యా?" దానికి నాకు తోచిన జవాబు నాన్న కొసరే. నా సొంత తెలివి కూడా కాదు. ఆపిల్ 2009లో ఐట్యూన్స్ ఎల్పీ అని ఒకటి తెచ్చింది. ఆల్బమ్ మొత్తం కొన్నవాళ్లు సాహిత్యం, ఫొటోలు, వీడియోలు తెర మీద తిప్పుకుంటూ చూసుకోవచ్చు. 2018లో కొత్తవి తీసుకోవడం ఆపేసింది. బ్యాండ్‌క్యాంప్ అనే పాటలమ్మే సైట్‌లో చిన్న కళాకారులు ఇప్పటికీ ఆల్బమ్‌కు పీడీఎఫ్‌లు, వీడియోలు జతచేసి అమ్ముకుంటున్నారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నేనూ మొదలుపెట్టాను. ఒకటితో ఆగితే బాగుండేది.

అన్నమయ్య ఆల్బమ్ నిడివి దాదాపు గంట. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి 2.4 ఎంబీ, గంటకు 144 ఎంబీ. ఎంత పాత ఫోనైనా ఇట్టే పట్టేస్తుంది. సీడీ నాణ్యతలో, కుదించకుండా ఇస్తే నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఫ్లాక్ అనే ఫైల్ రకం దాన్ని నాణ్యత పోకుండా దాదాపు సగానికి తెస్తుంది. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. దాని మీద గొంతు లేని ట్రాక్‌లు ఇంకో గంట, తంబుర అరగంట, ఆపైన వీడియో. మొత్తం కలిపి జిప్ 4 జీబీ దాటింది. కారులో వినడానికి పెన్‌డ్రైవ్‌లో వేసుకోబోయినవాళ్లకు అక్కడే బ్రేక్ పడింది. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. ఎంత ఖాళీ ఉన్నా సరే, 4 జీబీ దాటిన ఒక్క ఫైల్‌ను అవి పట్టవు. ఈ సంగతి అప్పటికి మాకూ తెలీదు. "ఫైల్ మరీ పెద్దదంటోంది" అని రాసినవాళ్లందరికీ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోండని జవాబిచ్చాం. మొబైల్ డేటా మీద నెట్టుకొస్తున్న ఒకాయన మా మాట నమ్మి మూడుసార్లు దించుకున్నారు. ఆయనకు ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

పెన్‌డ్రైవ్‌లోకి ఎలాగో ఎక్కించుకున్నవాళ్లకు ఇంకో రకం అనుభవం. ఒకావిడ కుటుంబంతో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తూ మా ఆల్బమ్ పెట్టుకున్నారు. సూర్యాపేట దగ్గర ఎనిమిదో కీర్తన అయిపోయింది. అక్కణ్ణుంచి తంబుర మొదలైంది. తర్వాతి పాటకు ముందు శ్రుతి వేస్తున్నారు కాబోలని ఎదురు చూశారట. నకిరేకల్ వచ్చినా తంబురే. స్టీరియో పాడైందని వాళ్లాయన కారు పక్కకు తీసి ఆపారట. వెనక సీట్లోంచి అత్తగారు మాత్రం "ఉండనీరా, నిద్ర బాగా పడుతోంది" అన్నారట. తప్పు స్టీరియోది కాదు. తంబుర ట్రాక్‌కు కూడా ఆల్బమ్ పేరే పెట్టి, తొమ్మిదో నంబరు వేసింది నేనే. పాటలు నంబరు వరసన పోతాయి కాబట్టి ఎనిమిది తర్వాత అరగంట తంబుర.

ఆ తంబురలోనే ఇంతకంటే పెద్ద తప్పు ఉంది. దాన్ని పట్టుకున్నది హైదరాబాద్‌లో పిల్లలకు పాట చెప్పే ఒక టీచరు గారు. మా ఆరో కీర్తన నాదనామక్రియ రాగంలో ఉంది. నాదనామక్రియ, పున్నాగవరాళి లాంటి రాగాలు మామూలుగా మధ్యమ శ్రుతిలో, అంటే తంబురలో 'ప' తీగను 'మ'కు మార్చుకుని పాడతారు. మా గాయని కూడా అలాగే పాడింది. మేమిచ్చిన తంబుర మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే, పంచమ శ్రుతిది. "మీ ట్రాక్ పెట్టుకుని ఆరోది నేర్చుకున్న పిల్ల నా దగ్గరికి వచ్చి, టీచర్, నా గొంతు బాగాలేదు అని ఏడ్చింది" అని రాశారావిడ. ఆ మెయిల్ మా గాయనికి చూపిస్తే ఆమె నాకేసి ఎలా చూసిందో ఇక్కడ రాయను. ఉచితంగా ఇచ్చేదే కదా, ఎలా ఉన్నా చెల్లుతుందిలే అనుకుని ఆమెకు వినిపించకుండానే జిప్‌లో వేశాను. పాట విషయంలో ఆ పని కలలో కూడా చేయను.

సాహిత్యం పుస్తకం సంగతి వేరు. చూడ్డానికి ముచ్చటగా ఉందని చాలామంది రాశారు. డల్లాస్‌లో ఉన్న ఒకావిడ, పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి పల్లవిని కాపీ చేసి ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకుందామని చూశారు. పేస్ట్ చేస్తే తెలుగూ కాదు, ఇంగ్లిషూ కాదు, డాలర్ గుర్తులూ బ్రాకెట్లూ కలిసిన పిచ్చి గీతలు వచ్చాయి. కారణం, మేము పుస్తకాన్ని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించాం. వాటిలో కంటికి కనిపించేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లిష్ కీబోర్డు గుర్తులు. కాగితం మీద అచ్చేస్తే ఏ గొడవా లేదు. పీడీఎఫ్‌లో మాత్రం వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే అర్థం కాదు. మొత్తం యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి, మళ్లీ కొట్టాం. మార్చేటప్పుడు చాలా చోట్ల 'వేంకట' కాస్తా 'వెంకట' అయి కూర్చుంది. రిటైరైన ఒక తెలుగు మాస్టారు మూడు సాయంత్రాలు కూర్చుని, ఒక్కో దీర్ఘం దిద్దారు. డబ్బు ఇవ్వబోతే వద్దని, పూతరేకులు తెస్తే పుచ్చుకున్నారు.

ఇక స్వరలిపి. ఇది రాయడానికి రెండు రోజులు వెనకాడాను.

అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. ఆయన సాహిత్యం తిరుమలలో రాగిరేకుల మీద నిలిచింది. రేకుల మీద రాగం పేరు చెక్కారు గానీ, ఆయన ఏ వరసలో పాడాడో మనకు దక్కలేదు. ఇవాళ మనం పాడుకునే వరసలు దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలోనూ ఆ తర్వాతా కట్టినవే. అంటే సాహిత్యం అందరిదీ, వరస మాత్రం కట్టినవాళ్లది. మన చట్టంలో ఆ హక్కు కట్టినవాళ్లు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు నడుస్తుంది. అన్నమయ్య కీర్తనలకు వరసలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు. ఆ లెక్కన ఆయన కట్టిన వరసల మీద హక్కు, అది ఎవరి చేతిలో ఉన్నా, 2039 ఆఖరు దాకా ఉంటుంది. ఈ లెక్కలన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా పొరపాటు చేశాను.

మా ఆల్బమ్‌లో మూడు కీర్తనల వరసలు ఒక పెద్దాయనవి. పాడి, రికార్డు చేసి అమ్ముకోవడానికి కాగితం మీద అనుమతి తీసుకున్నాం, ఇవ్వాల్సింది ఇచ్చాం. వాటి స్వరం రాసి, పీడీఎఫ్ చేసి పంచడానికి విడిగా అడగాలని మాత్రం తట్టలేదు. బోనస్ కదా, అమ్మడం లేదు కదా అనుకున్నాను. ఫిబ్రవరి మొదట్లో ఆయనే ఫోన్ చేశారు. "మా మనవడు చూపించాడు నాయనా. రెండోదాంట్లో చరణం దగ్గర నిషాదం తప్పు రాశారు" అన్నారు. ముందు అదీ ఆయన బాధ. నేను నీళ్లు నమిలాను. కాసేపాగి, "పాడుకోమన్నాను గానీ అచ్చేసుకోమన్నానా?" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. శిష్యులకు కూడా తను స్వరం రాసివ్వననీ, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతాననీ అన్నారు. ఆ మూడింటి స్వరలిపి తీసేస్తామని చెప్పాను, ఒప్పుకున్నారు. కాఫీ ఇచ్చి పంపారు. తిరుగు బస్సులో నాన్న ఎర్ర పెన్ను గుర్తొచ్చింది. ఎవరి సొమ్మో తీసి మన కొసరుగా వేయడం మా ఇంటి వ్యాపారమైపోయిందా అనిపించింది.

వీడియో, వాల్‌పేపర్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. జిప్ లోపల ఎవరు ఏది తెరిచారో మాకు తెలిసే మార్గం లేదు కాబట్టి, ఏది వాడుతున్నారో చెప్పమని మీకే మెయిల్ పెట్టాం. సాహిత్యం అన్నవాళ్లు ఎక్కువ, తర్వాత తంబుర. వీడియో కొందరు ఒకసారి చూశారు. వాల్‌పేపర్ వాడుతున్నది మా చెల్లెలు ఒక్కతే.

డబ్బు లెక్క కూడా దాచను. ఈ బోనస్ అంతటి మీదా, అంటే వీడియో ఎడిటింగ్, డీటీపీ, గొంతు లేని మిక్స్ అన్నీ కలిపి, మేము పెట్టింది 41,000. ఎనిమిది కీర్తనలకు వయొలిన్, మృదంగం వాయించిన ఇద్దరికీ కలిపి ఇచ్చింది అంతకంటే తక్కువ. ఆ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన చూసేదాకా నాకు తెలియలేదు. కొసరు అసలుకే ఎసరు పెట్టింది. ఉగాది ఆల్బమ్‌కు పక్కవాద్యాల వాళ్లకు ఇంతకుముందు కంటే ఎక్కువ ఇస్తున్నాం. ఆ డబ్బు వచ్చింది వీడియో మానేసినందువల్లే.

ఇకమీదట ఆల్బమ్‌తో వచ్చేవి ఇవి. యూనికోడ్‌లో సాహిత్యం, మాటల అర్థాలతో, పక్కనే ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా. తంబుర, మా గాయని పాడే 5 నంబరు శ్రుతి (స్థాయి)లో ఒకటి, మగవాళ్లు సాధన చేసుకోవడానికి 1 నంబరు శ్రుతిలో ఒకటి. మధ్యమ శ్రుతి పాట ఉంటే దానికి విడిగా. మూడోది కొత్తది: ఒక కీర్తనను గాయని లైను లైనుగా పాడి, మీరు పాడటానికి అంత ఖాళీ వదిలే పాఠం ట్రాక్. పెద్దాయన ఇంటి నుంచి వచ్చాక తట్టిన ఆలోచన అది. అందులో చెప్పేది గాయని సొంతంగా కట్టుకున్న వరసే ఉంటుంది. గొంతు లేని ట్రాక్‌లు స్కూలు ఫంక్షన్లకు కావాలని అడిగేవాళ్లున్నారు కాబట్టి వాటిని విడిగా 99కి పెడుతున్నాం. అక్కర్లేనివాళ్లు వాటి బరువు మోయనవసరం లేదు.

అన్నమయ్య ఆల్బమ్ కొన్నవాళ్లకు: మీరు కొన్నప్పుడు ఇచ్చిన మెయిల్‌కు కొత్త లింకులు వస్తాయి, మళ్లీ కొనక్కర్లేదు. ఎంపీ3 ఒక జిప్, ఫ్లాక్ ఒక జిప్, బోనస్ వేరే జిప్. కావలసింది ఒక్కటే దించుకోవచ్చు. కొందరి కంప్యూటర్లలో తెలుగు ఫైల్ పేర్లు డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి కాబట్టి, పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు నంబరుతో పెట్టాం. తంబురకు వేరే ఆల్బమ్ పేరు పెట్టాం, ఇక సూర్యాపేట దాటాక రాదు. గాయని కట్టుకున్న ఐదు కీర్తనల స్వరలిపి అలాగే ఉంటుంది. మిగతా మూడింటిది మీ దగ్గరున్న పాత పీడీఎఫ్‌లో ఉంటే దయచేసి తీసేయండి, వాట్సాప్‌లో ముందుకు పంపకండి. స్వరలిపి కోసమే కొన్నామంటే డబ్బు వెనక్కి ఇస్తాం. నెలాఖరులోగా పాత మెయిల్‌కే ఒక్క ముక్క జవాబివ్వండి, కారణం అడగం.

లింకులు వచ్చే బుధవారం వస్తాయి. అంతకంటే ముందు ఇవ్వలేం, ఎందుకంటే మధ్యమ శ్రుతి తంబుర ఇంకా రికార్డు చేయాలి. ఈసారి గాయని పక్కన కూర్చుని విని సరేనంటేనే జిప్‌లోకి వెళ్తుంది. మా స్టూడియో గోడ పక్కనే ఫంక్షన్ హాలు. ఈ ఆదివారం ముహూర్తాలు లేవని పంచాంగం చూసుకుని మరీ పెట్టుకున్నాం.