సైలెన్సర్ రబ్బర్ల విషయం: దసరా నుంచి సంక్రాంతి లోపు మా షెడ్డులో పని చేయించుకున్నవారికి

విజయనగరంలో మా షెడ్డుకి బండి తెచ్చే అందరికీ నమస్కారం.

మొన్న దసరా నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు మార్పించుకున్న కార్లు 38. వాటికి మేం వేసిన రబ్బర్లు నాసిరకం. కొన్ని అప్పుడే చీలాయి, మిగతావీ చీలతాయి. 38 బండ్లకీ కొత్తవి వేస్తాం. రబ్బరుకీ కూలికీ పైసా ఇవ్వక్కర్లేదు. రిజిస్టర్లో ఉన్న నంబర్లన్నింటికీ ఫోన్ చేస్తున్నాం. ఫోన్ నంబరు మారినవాళ్లు బిల్లు లేకపోయినా రండి, బండి నంబరు చెబితే చాలు.

జరిగింది దాచకుండా చెబుతాను. విశాఖ నుంచి మాకు ఏళ్లుగా సరుకు పంపే డీలరు పెట్టె మార్చలేదు, లేబుల్ మార్చలేదు, ధర కూడా తగ్గించలేదు. లోపలి సరుకు మార్చాడు. సైలెన్సర్ రబ్బరు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో చేసింది అయ్యుండాలి. అది 120 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిని ఓర్చుకుంటుంది, ఎండకీ గాలిలోని ఓజోనుకీ పగుళ్లివ్వదు. మామూలు సహజ రబ్బరు అలా కాదు. 70, 80 డిగ్రీలు దాటిన వేడిలో రోజూ నానితే గట్టిపడి పెళుసవుతుంది. కొత్తలో చేతికి తేడా తెలియదు. పైగా నాసిరకమే మెత్తగా, బాగా సాగుతూ ముచ్చటగా ఉంటుంది. మా కుర్రాళ్లూ నేనూ మోసపోయింది అక్కడే.

మొదట తిరిగొచ్చినవి సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వైపు తిరిగే బండ్లు. ఘాట్‌లో ఇంజిన్ మీద బరువు ఎక్కువ, బండి వేగం తక్కువ. కింద గాలి తగలక సైలెన్సర్ గొట్టం మామూలు రోడ్డు మీదకంటే బాగా కాగుతుంది. ఆ వేడికి రబ్బరు రంధ్రం చుట్టూ సన్నటి పగుళ్లొచ్చి, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. పాత స్టాకులో మిగిలిన ఒక రబ్బరునీ, ఈ కొత్త పెట్టెలోది ఒకటీ పక్కపక్కన ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచాం. చల్లారాక రెండింటినీ మడిచాం. పాతది మడత విప్పగానే మామూలుగా అయింది. కొత్తది మడత దగ్గరే విరిగింది. విరిగిన చోట రవ్వరవ్వగా ఉంది, కాలిన టైరు వాసన.

ఇది డీలరుకి చూపిస్తే వచ్చిన జవాబు: మీ ఫిట్టింగ్‌లో తేడా ఉంది. డబ్బు సంగతి తర్వాత, ఆ మాటే నాకు పట్టలేదు. అందుకే మా ఫిట్టింగ్ ఎలా ఉంటుందో ఇక్కడే రాస్తున్నాను. చదివినవాళ్లే తేల్చండి.

బండి పూర్తిగా చల్లారాకే పని మొదలు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి ఎవరూ దూరరు, ర్యాంపు మీదో పిట్టు మీదో పెడతాం. పాత రబ్బరు తీసేముందు సైలెన్సర్ కింద చెక్కముక్క పెట్టి ఆపుతాం. లేకపోతే బరువంతా ముందున్న ఫ్లెక్స్ పైపు (వంగే అల్లిక గొట్టం) మీద పడి దాని అల్లిక తెగుతుంది. రబ్బరు తగిలించే హ్యాంగర్ కడ్డీ తుప్పుపట్టి ఉంటే దాన్ని ఎమిరీ పేపర్‌తో రుద్ది, సబ్బు నీళ్లు గానీ సిలికాన్ స్ప్రే గానీ రాసి రబ్బరు ఎక్కిస్తాం. గ్రీజు, డీజిలు, పాత ఇంజిన్ ఆయిలు రాయం. అవి తగిలితే ఈపీడీఎం ఉబ్బి వదులైపోతుంది. చాలా షెడ్లలో ఈ తప్పు జరుగుతుంది, జారుతుంది కదా అని రాసేస్తారు. ఒకటి తెగినా అన్నీ కలిపి మారుస్తాం. బండిని బట్టి మూడు నుంచి ఆరు దాకా ఉంటాయి. పాతవి సాగి ఉంటే కొత్తదాని మీదే బరువు పడుతుంది. రబ్బర్లు ఎక్కించేటప్పుడు గొట్టాలు కలిసే చోటి ఫ్లాంజ్ బోల్టులు వదులుగానే ఉంచి, సైలెన్సర్ తన బరువుకి తాను సర్దుకున్నాక, రబ్బర్లు మెలిపడకుండా నిటారుగా వేలాడుతున్నాయని చూసి అప్పుడు బిగిస్తాం. ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగులు కూడా చూస్తాం. అవి పోయిన బండిలో ఇంజిన్ ఊగినప్పుడల్లా సైలెన్సర్ గుంజుకుపోతుంది, ఎంత మంచి రబ్బరైనా నిలవదు.

ఇందులో తేడా ఎక్కడుందో ఆ డీలరు ఇప్పటికీ చెప్పలేదు. అతని దగ్గర ఇక ఏ రబ్బరు సామానూ కొనం. మిగిలిన పెట్టెలు వెనక్కి పంపడం లేదు, పంపితే ఇంకో షెడ్డులో ఇంకో బండికి ఎక్కుతాయి. ముక్కలుగా కోసి పారేశాం. ఇక మీదట కంపెనీ అచ్చు ముద్ర ఉన్న రబ్బరే వేస్తాం. ఒక్కోదాని మీద ధర పెరుగుతుంది, కొత్తగా వేయించుకునేవాళ్లకి ఆ తేడా బిల్లులో కనబడుతుంది.

నాకు నిద్ర పట్టనివ్వని నిర్ణయం వేరే ఉంది. ఈ 38లో మూడు బండ్లకి ఈ సంగతి బయటపడిన వారంలోనే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష). మంచి రబ్బర్లు చేతికి రావడానికి నాలుగైదు రోజులు పట్టేలా ఉంది. ఆ రోజు గట్టెక్కడానికి తీగ కట్టి పంపేయండి అని ముగ్గురూ అడిగారు. తప్పు మా వల్ల జరిగింది కాబట్టి కాదనడం చాలా కష్టమైంది. అయినా కాదన్నాను. తీగ కట్టిన సైలెన్సర్‌కి ఊగే వీలుండదు. ఇంజిన్ అదురంతా ఫ్లాంజ్ దగ్గరి వెల్డింగ్ మీద పడి చిట్లుతుంది. అక్కడ, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు చిట్లితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. మంటలో పెట్రోలు చాలడం లేదని సెన్సర్ పొరబడుతుంది, బండిలోని కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) పెట్రోలు కారుకి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, అది 0.3 శాతం దాటకూడదు. ఇంకో సంగతి, కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 113వ నియమం ప్రకారం ఎగ్జాస్ట్ గొట్టం పెట్రోలు పైపుకి 35 మిల్లీమీటర్ల లోపు ఉండకూడదు. తీగ ఒక పక్కకి లాగితే ఆ ఎడం ఎక్కడ మిగులుతుంది? ఇన్‌స్పెక్టర్ గారు చూసినా చూడకపోయినా అలాంటి బండి మా గేటు దాటదు. చివరికి షోరూం కౌంటర్లో రెట్టింపు ధర పెట్టి మూడు బండ్లకీ రబ్బర్లు కొన్నాం. ఎవరి ఎఫ్‌సీ తేదీ తప్పలేదు.

ఎఫ్‌సీ దగ్గరపడినవాళ్లు ముందుగానే రండి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగింపు. దరఖాస్తు గడువుకి 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ట్యాక్సీ బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. పరీక్షలో సైలెన్సర్ కూడా చూస్తారు. పొగ పక్కలనుంచి కారుతుంటే పాస్ కాదు.

ఇంటి దగ్గరే చూసుకోవడం సులువు. తెల్లవారి, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, తోకగొట్టాన్ని పట్టుకుని అటూ ఇటూ, పైకీ కిందకీ కదపండి. రెండు మూడు వేళ్ల మేర మెత్తగా ఊగితే మంచిదే. ఇనుము ఇనుముకి తగిలి టంగుమంటే, ఒక పక్క కిందకి జారి ఉంటే, స్పీడ్ బ్రేకర్ మీద వెనక సీటు కింద దబ్బుమంటే రబ్బరు పోయినట్టే. భోగాపురం, పూసపాటిరేగ వైపు నుంచి వచ్చేవాళ్లు కడ్డీలు కూడా చూసుకోండి. ఉప్పుగాలికి రబ్బరు బాగానే ఉండి కడ్డీ వెల్డింగ్ ఊడిపోతుంది. మీ బండి ఈ 38లో లేకపోయినా మా దగ్గరికి తెస్తే చూసి చెబుతాం.

సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి ఆరు బండ్లు తీసుకుంటాం. చల్లారిన బండి మీదే పని చేస్తాం కాబట్టి ముందు రోజు సాయంత్రం వదిలి వెళ్లండి, పొద్దున్న పది గంటలకి తీసుకెళ్లొచ్చు. రాత్రి వదలడం కుదరనివాళ్లు పొద్దున్నే తెచ్చి రెండు గంటలు ఆగాల్సి ఉంటుంది. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తెస్తే బోల్టులు మళ్లీ బిగించి పంపుతాం.