ఎడ్గార్‌కి పదేళ్లు పట్టిందా?

ఎడిటర్ గారికి,

బేస్‌బాల్ అనగానే అందరూ న్యూయార్క్ టీమ్ యాంకీస్ జపమే. ఇక్కడ సియాటెల్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం కదా, మన ఊరి టీమ్ మెరైనర్స్ గురించి మీ పేపర్లో నాలుగు ముక్కలు రాయొచ్చుగా! 2001లో 116 మ్యాచ్‌లు గెలిచి కూడా ఫైనల్ పోరు అయిన వరల్డ్ సిరీస్ గడప తొక్కని టీమ్ అది.

ఇక మెరైనర్స్ బ్యాటర్ ఎడ్గార్ మార్టినెజ్. 1995 ప్లేఆఫ్స్‌లో యాంకీస్ మీద ఆఖరిదైన ఐదో మ్యాచ్, పదకొండో ఇన్నింగ్స్, మనవాళ్లు ఒక్క పరుగు వెనక ఉన్నారు, ఇద్దరు బేస్‌ల మీద... ఎడమవైపు కొట్టిన ఆ డబుల్‌కి (రెండో బేస్ దాకా చేరే షాట్) ఫస్ట్ బేస్ నుంచి సహచరుడు గ్రిఫీ ఆగకుండా పరుగెత్తుకొచ్చి హోమ్‌లోకి జారి గెలుపు పరుగు తీశాడు చూడండి, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఎడ్గార్ కెరీర్ బ్యాటింగ్ సగటు .312, అంటే వెయ్యి ప్రయత్నాలకి 312 హిట్లు. బ్యాటింగే తప్ప ఫీల్డింగ్ చేయడని వంక పెట్టి, దిగ్గజాలకిచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2019లో, అదీ ఓటింగ్‌లో పదో ఏడు, ఆఖరి ఛాన్స్‌లో తీసుకున్నారు.

ఇట్లు,
సియాటెల్ నుంచి ఒక పాఠకుడు